సముద్రం వదిలివెళ్లిన ఇసుక

విశాఖపట్నం నుంచి బీచ్ రోడ్డు పట్టుకుని భీమిలి వైపు వెళ్తుంటే రుషికొండ దాటుతుంది, తొట్లకొండ దాటుతుంది, మంగమారిపేట ఒడ్డున అలలు తొలిచిన రాతి తోరణం కనిపిస్తుంది. ఇంకాస్త ముందుకు పోయాక ఎడమ చేతి వైపు నేల ఒక్కసారిగా ఎర్రబడుతుంది. అప్పుడే బట్టీలోంచి తీసిన ఇటుక రంగు. అక్కడ బండి ఆపి జీడిమామిడి చెట్ల మధ్య కాలిబాటన నడిస్తే, ఎదురుగా నేల ఉన్నట్టుండి తెగిపోతుంది. కింద ఎర్రటి గోడల మధ్య మెలికలు తిరిగిన లోతైన గండి. పక్కనే ఇంకొకటి, దాని పక్కన మరొకటి. అన్నీ చెట్టు కొమ్మల్లా ఒకదాంట్లో ఒకటి కలుస్తూ సముద్రం వైపు దిగిపోతుంటాయి. వీటినే ఎర్రమట్టి దిబ్బలు అంటాం.

ఆదివారం సాయంత్రం ఇక్కడ జనం నిండిపోతారు. వారమంతా ఫ్లాట్ల గోడల మధ్య గడిపినవాళ్లు పిల్లల్ని వెంటబెట్టుకుని వస్తారు. పెళ్లికి ముందు ఫొటోలు తీయించుకునే జంటలు వస్తాయి. సినిమా వాళ్లు ఏళ్లుగా వస్తూనే ఉన్నారు. నేనూ చిన్నప్పటి నుంచి వస్తున్నాను. గండిలోకి దిగిన ప్రతిసారీ నన్ను ఆపేది ఒకటే: నాలుగడుగులు లోపలికి వేయగానే సముద్రపు హోరు తెగిపోతుంది. అంతసేపూ చెవిలో మోగిన శబ్దాన్ని ఆ గోడలు మింగేస్తాయి. ఆ నిశ్శబ్దంలో, ఎక్కడో పైనుంచి సన్నగా ఇసుక జారుతున్న చప్పుడు మాత్రం వినిపిస్తుంది.

ఇసుక అన్నాను. పేరులో మట్టి ఉన్నా ఇది మట్టి కాదు. గోడ కింద రాలి పడినదాన్ని ఒక చిటికెడు అరచేతిలో వేసుకుని, సీసాలోని నీళ్లు నాలుగు చుక్కలు పోసి వేలితో రుద్ది చూడండి. వేళ్ల సందుల్లోంచి కుంకుమ నీళ్లు కారతాయి. అరచేతిలో మిగిలేది ఉప్మా రవ్వ కన్నా సన్నటి గింజలు. చాలామటుకు స్ఫటికమే, అంటే క్వార్ట్జ్. భూతద్దం కింద పెడితే గింజ లోపల గాజులా కాంతి కనిపిస్తుంది, పైన మాత్రం ఎర్రటి పూత. ఎంత రుద్దినా పూర్తిగా వదలదు. సముద్రపు ఒడ్డున కాళ్ల కింద తొక్కే ఇసుకకీ దీనికీ అసలు తేడా ఆ పూతే. ఈ దిబ్బల గురించి తెలుసుకోవలసినవి మూడు ఉన్నాయి. ఈ ఇసుక ఎక్కడిది, ఇంత ఎత్తున ఎలా పోగుపడింది, ఎర్రదనం ఎప్పుడు వచ్చింది.

ఇసుక పుట్టిల్లు వెనకే ఉంది. సింహాచలం, కైలాసగిరి, కంబాలకొండ... విశాఖ చుట్టూ ఉన్న తూర్పు కనుమల కొండల్లో ఎక్కువ భాగం ఖోండలైట్ అనే శిల. కనుమల్లో ఉండే ఖోండు గిరిజనుల పేరు మీదుగా 1902లో టి.ఎల్. వాకర్ అనే భూవిజ్ఞాని ఆ పేరు పెట్టాడు. కోణార్క సూర్యదేవాలయాన్ని కట్టింది కూడా ప్రధానంగా ఈ రాయితోనే. ఇందులో స్ఫటికం, సిల్లిమనైట్, గ్రాఫైట్‌తో పాటు గార్నెట్ దండిగా ఉంటుంది. ఉంగరాల్లో పొదిగే గోమేదికం గార్నెట్ కుటుంబానిదే. ఈ గార్నెట్లలో ఇనుము ఉంటుంది. ఎండకీ వానకీ ఖోండలైట్ చివికిపోతుంది. స్ఫటికం గట్టిది కాబట్టి గింజగా మిగులుతుంది. మిగతావి కొన్ని గింజలుగా, కొన్ని బంకమన్నుగా మారి వాగుల్లో పడతాయి. అనంతగిరి కొండల్లో పుట్టి, బొర్రా గుహల మీదుగా వచ్చి భీమిలి దగ్గర సముద్రంలో కలిసే గోస్తనీ నది లక్షల ఏళ్లుగా ఈ మోత పనే చేస్తోంది. చిన్నా చితకా గెడ్డలూ అంతే.

అలా వచ్చిన ఇసుకను సముద్రం జల్లెడ పడుతుంది. భీమిలి ఒడ్డున అల వెనక్కి వెళ్లిన చోట నల్లటి చారలు చూసే ఉంటారు. అవి మురికి కాదు. ఇల్మనైట్, మాగ్నటైట్, గార్నెట్, జిర్కాన్ వంటి బరువైన ఖనిజాలు. తేలికైన స్ఫటికాన్ని అల లాక్కుపోతుంది, బరువైనవి అక్కడే నిలబడిపోతాయి. అయస్కాంతం ఒకటి జేబులో వేసుకెళ్తే పిల్లలకు ఇంతకు మించిన పాఠం అక్కర్లేదు. దాని చివర్న నల్లటి గింజలు మీసాల్లా నిక్కబొడుచుకుంటాయి. ఇవే ఖనిజాలు ఎర్ర దిబ్బల ఇసుకలోనూ ఉన్నాయి. కొండకూ ఒడ్డుకూ దిబ్బకూ చుట్టరికం ఇలా తెలుస్తుంది.

ఇక ఎత్తు సంగతి. సుమారు 20,000 ఏళ్ల క్రితం మంచుయుగం పతాక స్థాయిలో ఉన్నప్పుడు భూమి మీది నీరు ఎంతో భాగం ఉత్తరాన, దక్షిణాన మంచు పలకలుగా గడ్డకట్టి ఉండిపోయింది. ప్రపంచమంతటా సముద్రమట్టం ఇప్పటికన్నా 120 మీటర్ల దాకా దిగిపోయింది. నలభై అంతస్తుల మేడ ఎత్తు అనుకోండి. బంగాళాఖాతం మన తీరం నుంచి కిలోమీటర్ల కొద్దీ వెనక్కి జరిగింది. ఈ రోజు భీమిలి చేపల పడవలు తిరిగే చోట అప్పుడు ఆరుబయలు. యుగాల తరబడి సముద్రం అడుగున పరుచుకున్న ఇసుక ఎండకు బయటపడింది. దాన్ని పట్టి ఉంచే చెట్టూ చేమా లేవు. గాలి దాన్ని ఎత్తి లోపలికి, కొండల వైపు, విసిరి పోగు పెట్టింది.

అయితే అంతా గాలి పనేనా అంటే కాదు. ఎంత భాగం గాలి తెచ్చింది, ఎంత భాగం వాగులు దించాయి, అంతకు ముందటి సముద్రం పాత్ర ఎంత అన్న దగ్గర పరిశోధకులకు అభిప్రాయభేదాలు ఉన్నాయి. గోడ దగ్గర నిలబడి కింది నుంచి పైకి చూస్తే నాకూ అది సహజమే అనిపిస్తుంది. ఇది ఒకే రోజున ఒకే చేత్తో పోసిన కుప్ప కాదు. అట్టడుగున పసుపుపచ్చ ఇసుక. దాని మీద గట్టి ఉండలు కట్టిన ముదురు గోధుమ ఎరుపు పొర. ఆ పైన మనం చూడ్డానికి వెళ్లే ఇటుకరంగు ఇసుక. అన్నిటికన్నా పైన, చిన్నవాడిలా, లేత పసుపు ఇసుక. సముద్రం ఒకసారి తగ్గి, ఒకసారి పెరిగి, వానలు ఒక యుగంలో విరగబడి, ఇంకో యుగంలో ముఖం చాటేసిన లెక్కంతా ఈ పొరల్లో ఉంది.

ఆ లెక్కను ఎలా చదువుతారో చెప్పకుండా ముందుకు వెళ్లలేను. నాకు ఈ దిబ్బల సైన్సులో అన్నిటికన్నా ఇష్టమైన భాగం అదే. స్ఫటికపు గింజ లోపలి నిర్మాణంలో సన్నటి లోపాలు, గుంటల్లాంటివి, ఉంటాయి. చుట్టూ ఉన్న ఇసుకలో అత్యల్పంగా ఉండే యురేనియం, థోరియం, పొటాషియం నుంచి నిరంతరం వికిరణం వస్తూ ఉంటుంది. అది గింజలోని ఎలక్ట్రాన్లను కదిపి ఆ గుంటల్లో పడేస్తుంది. గింజ చీకట్లో ఎన్ని వేల ఏళ్లు పూడి ఉంటే అన్ని ఎలక్ట్రాన్లు పోగవుతాయి. ఎండ తగిలిందా, గుంటలన్నీ ఖాళీ అయిపోతాయి, లెక్క మళ్లీ సున్నా నుంచి మొదలవుతుంది. గాలికి ఎగురుతూ వచ్చిన ఇసుక గింజ దారిలో ఎండను తాగి సున్నా అయ్యే వస్తుంది. పై ఇసుక కప్పేసిన రోజున దాని గడియారం మొదలవుతుంది.

అందుకని నమూనా తీసేటప్పుడు వెలుతురు తగలనివ్వరు. గోడలోకి లోహపు గొట్టం దిగ్గొట్టి, రెండు చివరలూ మూసి, ప్రయోగశాలలో మందమైన ఎర్ర వెలుగులో తెరుస్తారు. గింజల మీద కొలిచిన కాంతిని ప్రసరిస్తే పట్టుబడి ఉన్న ఎలక్ట్రాన్లు విడుదలవుతూ సన్నటి వెలుగు చిమ్ముతాయి. ఆ వెలుగు ఎంతో కొలిచి, ఏడాదికి ఎంత వికిరణం పడుతుందో దానితో సరిచూస్తే, ఆ గింజ చివరిసారి సూర్యుణ్ని చూసింది ఎప్పుడో తెలుస్తుంది. దీన్నే ల్యూమినిసెన్స్ డేటింగ్ అంటారు. మనం వేలితో రాల్చేసే గోడలో ఒక్కో గింజా వేల ఏళ్ల నుంచి ఈ లెక్క రాసుకుంటూ కూర్చుంది. మన వేలు తగిలి బయటికి దొర్లిన క్షణాన అది చెరిగిపోతుంది.

ఎర్రదనం అన్నిటికన్నా ఆలస్యంగా వచ్చింది. ఇసుక ఎర్రగా వచ్చి పడలేదు. పడ్డాక ఎర్రబడింది. గార్నెట్, ఇల్మనైట్ లాంటి ఇనుము ఉన్న గింజలు వానకు నాని, ఎండకు ఆరి, మళ్లీ నాని కొంచెం కొంచెంగా కరిగాయి. ఆ ఇనుము గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి హెమటైట్‌గా మారి పక్కనున్న స్ఫటికపు గింజలకు పూతలా పట్టుకుంది. మన ఇంటి గేటు తుప్పు పట్టడానికీ దీనికీ పెద్ద తేడా లేదు. కాకపోతే గేటుకు ఒక వానాకాలం చాలు, దిబ్బకు వేల వానాకాలాలు కావాలి. వేడీ తడీ ఆరడం ఒకదాని వెంట ఒకటి వచ్చే చోటే ఇది జరుగుతుంది. తమిళనాడులో తూత్తుకుడి, తిరునెల్వేలి వైపు తేరి అని పిలిచే ఎర్ర ఇసుక నేలలు ఉన్నాయి. శ్రీలంక తీరంలోనూ ఉన్నాయి. దక్షిణాసియాలో ఈ జాతివి ఎక్కడ పడితే అక్కడ దొరకవు.

గండ్ల దగ్గర నన్ను చాలాకాలం వేధించిన ప్రశ్న ఒకటుంది. పొడి ఇసుకను కుప్ప పోస్తే అది నిట్టనిలువుగా నిలవదు. ముప్పై, ముప్పై నాలుగు డిగ్రీల వాలు రాగానే జారిపోతుంది. దిబ్బల నీడలోనే దీనికి చక్కటి సాక్ష్యం ఉంది. గోడల అడుగున వాన పడని మూలల్లో, మెత్తటి ఇసుకలో గరాటు ఆకారంలో చిన్న గుంటలు కనిపిస్తాయి. ఒక్కోటి రూపాయి బిళ్లంత. అడుగున ఒక పురుగు ఇసుకలో దాక్కుని చీమ కోసం కాచుకుని ఉంటుంది. అది గుంటను సరిగ్గా ఇసుక జారబోయే వాలుకు తవ్వుతుంది. చీమ అంచున కాలు పెట్టగానే ఇసుక కదిలి లోపలికి లాగేస్తుంది. వంగి చూస్తూ కూర్చుంటే కాలం తెలియదు. మరి అదే ఇసుక, ఆ పురుగు నెత్తి మీదే, నిలువు గోడగా ఎలా నిలబడింది?

గింజల మధ్య ఉన్న కొద్దిపాటి బంకమన్నూ, ఆ ఇనుపపూతా జిగురులా పట్టి ఉంచుతాయి. పొడిగా ఉన్నంతసేపూ ఆ జిగురు గట్టిదే. బాగా తడిసిందంటే అంత గోడా పిండి ముద్దలా విరిగి పడుతుంది. వాన వెలిసిన వెంటనే గోడల కింద నడవకూడదనేది అందుకే. పై నుంచి జారే నీరు గండి మొదట్లోని అంచును కొరుకుతుంది, అంచు కూలుతుంది, గండి అంత మేర లోపలికి పాకుతుంది. గండి సముద్రం వైపు నుంచి కొండ వైపు పెరుగుతుందన్నమాట. మన తీరానికి పెద్ద వానలు అక్టోబరు, నవంబరుల్లో తుపానులతో వస్తాయి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖ మీద విరుచుకుపడ్డాక వెళ్లి చూస్తే నాకు తెలిసిన మూలలు కొన్ని కనిపించలేదు. కొత్త మూలలు తెరుచుకున్నాయి. అది నష్టమని నాకు అనిపించలేదు. దిబ్బ బతికే తీరే అది.

అయితే ఈ ఇసుక మీద పడ్డ వాన నీటిలో గండ్లను కోసేది కొంత భాగమే. ఎక్కువ భాగం ఇంకిపోతుంది. ఇసుకలోంచి మెల్లగా కిందికి దిగుతూ, గట్టి పొర తగలగానే పక్కకు తిరిగి, గండి అడుగున ఊటగా బయటికొస్తుంది. వేసవిలో కూడా లోతైన గండ్లలో పాదం మునిగేంత నీరు పారుతున్న గెడ్డలు చూశాను. నీళ్లు తేటగా ఉంటాయి, అడుగున ఎర్ర ఇసుక మీద సన్నటి అలల గీతలు కనిపిస్తాయి. పైన తలపగిలే ఎండ, కింద చల్లటి నీరు.

ఊట కన్నా కంటికి కనబడని పని ఇంకొకటి జరుగుతోంది. ఉప్పునీరు మంచినీటి కన్నా నూటికి రెండున్నర వంతులు బరువు. అందువల్ల తీరం పక్క నేలలో మంచినీరు ఉప్పునీటి మీద తేలుతూ ఉంటుంది. సముద్రమట్టానికి పైన మంచినీరు ఒక మీటరు నిలిచి ఉంటే, దాని బరువుకు ఉప్పునీరు సుమారు నలభై మీటర్ల లోతు దాకా కిందికి అణిగి ఉంటుందని లెక్క. ఆ ఒక్క మీటరు తగ్గితే ఉప్పునీరు నలభై మీటర్లు పైకి లేస్తుంది. వానను తాగి దాచుకునే దిబ్బ, సముద్రాన్ని ఊళ్ల బావుల్లోకి రానివ్వకుండా ఆపుతున్న బరువు. అదే చోట సిమెంటు పరిచి, వాన నీటిని కాలవలో పెట్టి సముద్రంలోకి తోలి, కింద నుంచి బోరుతో తోడుకుంటే ఏం జరుగుతుందో పెద్ద చదువు లేకపోయినా అర్థమవుతుంది.

నగరం ఎంత వేగంగా ఇటు వస్తోందో ఇక్కడివాళ్లకు చెప్పనక్కర్లేదు. 2011 జనగణన నాటికే విశాఖ నగర జనాభా 17 లక్షలు దాటింది. 1861 నుంచి మునిసిపాలిటీగా ఉన్న భీమిలి ఇప్పుడు మహానగరంలో భాగం. బీచ్ రోడ్డు పొడవునా రిసార్టులు, విల్లాలు, లేఅవుట్లు. దిబ్బలకు గుర్తింపు లేదనీ కాదు. 1886లోనే విలియం కింగ్ అనే భూవిజ్ఞాని వీటి గురించి రాశాడు. రాతియుగపు మనుషుల పనిముట్లు ఇక్కడ దొరికాయి. భారత భూవిజ్ఞాన సర్వే సంస్థ 2014లో భూవారసత్వ స్థలంగా ప్రకటించింది. 2025 సెప్టెంబరులో తిరుమల కొండలతో పాటు ఎర్రమట్టి దిబ్బలు కూడా యునెస్కో ప్రపంచ వారసత్వ తాత్కాలిక జాబితాలో చేరాయి. భూవారసత్వ స్థలంగా గుర్తింపు ఉన్నా, 2024 జూలైలో యంత్రాలు దిగి తవ్వకాలు మొదలుపెట్టిన వార్త చదివి నగరంలో ఎంతమందికి కడుపు రగిలిందో నాకు గుర్తుంది. జనం గొంతెత్తాకే అధికారులు పని ఆపించారు.

అసలు చిక్కు ఎక్కడుందో ఆ రోజుల్లో నాకు స్పష్టంగా తెలిసింది. దిబ్బలంటే మనకు గండ్లు. ఫొటోలో పడేవి అవే, సినిమాలో కనిపించేవి అవే. గండ్ల పైన, వెనకాల, చదునుగా కనిపించే ఎర్ర నేల, జీడితోటలు, తాటిచెట్లు, కలివి పొదలు ఉన్న మెట్ట, చాలామంది కంటికి ఖాళీ జాగా. కానీ దిబ్బ శరీరం ఆ మెట్టే. గండి దాని మీద ఒక గీత మాత్రమే. వాన పడేది మెట్ట మీద, ఇంకేది మెట్టలో, పొరలు ఉన్నది మెట్ట కింద. అందమైన గండ్ల చుట్టూ కంచె వేసి, వెనక మెట్టను చదును చేసి ప్లాట్లు వేస్తే గండి దక్కదు. పైన చెట్లు పోయిన నేల మీద నీరు ఇంకకుండా వరదగా దిగి రెండు వానాకాలాల్లో గోడల్ని కూల్చేస్తుంది. లేదంటే చదును చేసిన మన్ను గండిలోకి తోసి పూడ్చేస్తారు. రెండిటిలో ఏది జరిగినా ఊట ఆగిపోతుంది. గీత గీసేటప్పుడు మెట్ట, తోట, గండి, గెడ్డ, ఒడ్డు అన్నీ ఒకే గీతలో ఉండాలి. తీరం వెంట ఉన్నది దాదాపు అయిదు కిలోమీటర్లే. ఇంత నగరానికి అది ఎక్కువ అడగడం కాదు.

మనం వెళ్లడం మానేయాలని నేను అనను. పిల్లలు ఆ గోడల మధ్య పరుగెత్తితేనే పెద్దయ్యాక వాటి కోసం అడుగుతారు. పొడి వాతావరణంలో, గండి అడుగునే నడవండి. అంచులు ఎక్కకండి, ఎక్కిన ప్రతి కాలూ పైన వాన కట్టిన సన్నటి పెచ్చును పగలగొడుతుంది, అక్కడ తర్వాతి వానకు నీటిదారి పడుతుంది. గోడల మీద పేర్లు చెక్కడం చూస్తే నాకు నిజంగా బాధేస్తుంది.

పోయిన నెల సాయంత్రం దిబ్బలు దిగి రోడ్డు దాటి ఒడ్డుకు వెళ్లాను. గెడ్డ సముద్రంలో కలిసే చోట ఎర్ర నీరు అలల మీద విసనకర్రలా పరుచుకుని ఉంది. దానికి కాస్త ఎగువన, ఇసుక మీద పాకే ఊదాపూల తీగ ఒకటి అల్లుకుని ఉంది. మేక గిట్టలాంటి ఆకులు. గాలి ఒడ్డు మీది ఇసుకను నేలకు జానెడు ఎత్తున ఈడ్చుకొస్తోంది. తీగ దగ్గరకు రాగానే గాలి ఊపు తగ్గి, గింజలు ఆకుల వెనక రాలిపోతున్నాయి. అక్కడ మోకాలి ఎత్తు కుప్ప లేచింది. వంగి చేయి పెట్టి చూశాను. లేత పసుపు రంగు, పొడిగా, వేళ్ల సందుల్లోంచి జారిపోయింది. అరచేతికి ఎరుపు అంటలేదు.